తప్పకుండాగారి పూట సెలవు

ఫ్యాన్ల కంపెనీలో ఫిర్యాదుల సీట్లో కూర్చునే ఆయన్ని అందరూ తప్పకుండాగారు అంటారు. ఆయనకి అమ్మానాన్నా పెట్టిన పేరొకటి ఉంది గానీ, దాన్ని జీతాలు వేసేవాళ్లు తప్ప ఇంకెవరూ వాడరు. ఫోనెత్తగానే అవతలివాళ్లు "మీ ఫ్యాను తిరగట్లేదయ్యా" అంటారు, ఈయన "తప్పకుండా చూస్తామండి" అంటాడు. "మీ ఫ్యాను ఆగట్లేదయ్యా" అన్నా అదే మాట. ఒకసారి ఎవరో ఆవిడ ఒళ్లు మండి "అసలు మీ కంపెనీకి నిప్పెట్టాలి" అంటే, దానికీ "తప్పకుండా చూస్తామండి" అన్నాడు. ఆవిడకి ఇంకేం మాట్లాడాలో తోచక పెట్టేసింది. ఆ నెల ఫిర్యాదులు తీర్చినవాళ్లలో ఆయనదే మొదటి స్థానం.

రోజంతా నోట్లో నానిన మాట సాయంత్రం ఇంటికొచ్చినంత మాత్రాన ఊరుకోదు కదా. పై అంతస్తు పెద్దమ్మగారు తన టేబుల్ ఫ్యాను కాస్త చూడమన్నప్పుడూ అదే అన్నాడు. ఆయనకి ఫ్యాన్ల గురించి తెలిసిందల్లా అవి తిరక్కపోతే జనం ఎలా తిడతారన్నది. స్క్రూడ్రైవరు ఎటు తిప్పాలో తెలీదు. ఆ ముక్క చెబితే పెద్దమ్మగారు నమ్మలేదు. "అంత పెద్ద కంపెనీలో ఉండి ఎందుకంత వినయం బాబూ?" అంది.

తప్పకుండాగారికి ఒక్కతే కూతురు. నాలుగో క్లాసు. ఇంట్లో అమ్మడు అంటారు. అమ్మడికి కొన్న ఎర్ర సైకిలు మెట్ల కింద ఉంది. సీటు మీద కంపెనీవాళ్లు తొడిగిన ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. తీస్తే పాతబడిపోతుందని వాళ్లావిడ తియ్యనివ్వదు. ఆ ఇంట్లో సోఫాకీ కవరే, టీవీ రిమోటుకీ కవరే. ఆ కవర్ల మీద పడిన దుమ్ముని మాత్రం ప్రతి ఆదివారం శ్రద్ధగా తుడుస్తారు.

సైకిలు కొత్తగానే ఉంది, ఎందుకంటే అమ్మడికి తొక్కడం రాదు. సందులో ఉన్న పిల్లలందరికీ వచ్చు. ఎదురింటి బుడంకాయకి కూడా వచ్చు. వాడికి ఇంకా ముక్కు తుడుచుకోవడం రాదు. వాళ్లందరి ముందు పడుతూ లేస్తూ నేర్చుకోవడమంటే అమ్మడికి ప్రాణం పోయినంత పని. ఆదివారం నేర్పిస్తానంటే, "ఆదివారం వాళ్లందరూ ఉంటారు నాన్నా" అంటుంది. సాయంత్రమన్నా వాళ్లందరూ ఉంటారు. ఈ పిల్లలకి ఇళ్లు ఉన్నాయో లేవో అని తప్పకుండాగారికే అనుమానం వచ్చింది.

ఇలా ఉండగా అమ్మడి బళ్లో నీళ్ల ట్యాంకు కడగాలని గురువారం ఒంటిపూట పెట్టారు. ఆ ఒక్క బడికే. మిగతా పిల్లలందరూ వేరే బడి. అంటే గురువారం మధ్యాహ్నం నుంచి నాలుగింటిదాకా, ఆ బడి బస్సు వచ్చేలోపు, సందు ఖాళీ.

"నువ్వు కూడా ఒంటిపూట పెట్టుకో నాన్నా," అంది అమ్మడు. "వెనకాల పట్టుకో చాలు. నేను చెప్పేదాకా వదలకూడదు."

"తప్పకుండా," అన్నాడు నాన్న.

అమ్మడు ఆయన మొహం పరీక్షగా చూసింది. "ఆఫీసు తప్పకుండానా, నిజం తప్పకుండానా?"

"నిజందే."

ఇక్కడ సెలవుల సంగతి కాస్త చెప్పుకోవాలి. ఆ కంపెనీలో రోజంతా సెలవు కావాలంటే పెద్ద పనేం లేదు. పొద్దున్నే ఫోన్ చేసి కాస్త దగ్గి "జ్వరం" అంటే సరిపోతుంది. మనిషి కనపడడు కాబట్టి ఎవరూ అడగరు. కానీ ఎండాకాలం ఫ్యాన్ల సీజను. సీజన్లో రోజు సెలవులు బందు. పూట సెలవులే ఇస్తారు. పూట సెలవు అడిగేవాడు పొద్దున పనికొచ్చినవాడే కదా. నిక్షేపంలా కళ్లెదురుగా కూర్చుని ఉంటాడు. అందుకని మేనేజరు టేబులు ముందు నిలబడి, అందరూ వింటుండగా కారణం చెప్పాలి. కారణం గట్టిదై ఉండాలి. గట్టిదంటే ఆసుపత్రి గానీ, కోర్టు గానీ, శవం గానీ. "మా అమ్మాయికి సైకిలు నేర్పాలండీ" అని అడిగినవాడు ఆ కంపెనీ పుట్టాక ఒక్కడూ లేడు. అడిగితే ఏమవుతుందో కూడా ఎవరికీ తెలీదు. అదే భయం.

అందుకని గురువారం పొద్దున ఇంట్లో రిహార్సలు జరిగింది. పన్ను నొప్పి అని తేల్చుకున్నారు. తలనొప్పి అంటే మేనేజరు మాత్ర ఇస్తాడు. కడుపునొప్పి అంటే ఏం తిన్నావని విచారణ మొదలవుతుంది.

"చెంప అలా కాదు నాన్నా," అంది అమ్మడు, బడి ఎగ్గొట్టడంలో అనుభవం ఉన్న మనిషిలా. "అరచేత్తో మొత్తం పట్టుకుంటే యాక్టింగని తెలిసిపోతుంది. రెండు వేళ్లతో, ముట్టుకోవడానికి భయపడుతున్నట్టు."

ఆయన రెండు వేళ్లు పెట్టాడు.

వాళ్లావిడ కొరియర్ ఆఫీసుకి బయల్దేరుతూ చెప్పుల దగ్గర ఆగింది. "మీ పళ్లకేమండీ, బండరాళ్లలా ఉన్నాయి. ఎవరు నమ్ముతారు? సరే గానీ, సీటు మీద కవరు చిరగనియ్యకండి."

*

పన్నెండున్నరకి తప్పకుండాగారు మేనేజరు ముందు నిలబడ్డాడు. రెండు వేళ్లు చెంప మీద. గదిలో మాటలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, ఎత్తేవాళ్లే లేరు.

"పన్నా?" అన్నాడు మేనేజరు. ఆయన మంచివాడు. ఆ రోజు జరిగిన దానంతటికీ అదొక్కటే కారణం. "ఏ డాక్టరు?"

ఇంట్లో రిహార్సలు ఇంతదూరం రాలేదు.

"అదే... ఎవరో ఒకరు సార్..."

"ఎవరో ఒకరా! పన్నయ్యా అది, టైరు పంక్చరు కాదు. మా తోడల్లుడు పళ్ల డాక్టరు. నీకు చెప్పలేదూ?" అప్పటికే ఫోన్ తీశాడు. "వాడికి నేను ఒక్క పేషెంటునైనా పంపలేదని మా మరదలు ప్రతిసారీ భోజనాల దగ్గర దెప్పుతూనే ఉంటుంది. ఇవాళ్టితో ఆ నోరు మూతపడుతుంది."

"అక్కర్లేద్సార్, ఇప్పుడు కాస్త తగ్గినట్టే..."

"తగ్గితే సీట్లో కూర్చో మరి."

పక్క సీటాయన ఓదార్పుగా అన్నాడు. "వెళ్లండి సార్. పన్ను నొప్పి పగవాడికి కూడా వద్దు. పోయినేడు మా బావగారికి దవడ ఇంత అయింది." చేతుల్తో గుమ్మడికాయంత చూపించాడు.

అసలు నిజం చెప్పెయ్యడానికి అదే ఆఖరి అవకాశం. నోరు తెరిచాడు. అందరూ ఆయన నోట్లోకి చూశారు, ఏ పన్నో చూద్దామని. మూసేశాడు.

"పద, నేను భోజనానికి అటే వెళ్తున్నా," అన్నాడు మేనేజరు హెల్మెటు తీసుకుంటూ. "స్కూటరు మీద దింపేస్తా."

"మీకెందుకు శ్రమ సార్..."

"నాకు శ్రమేంటయ్యా. నువ్వసలే నోట్లో నాలుక లేని మనిషివి. ఒక్కణ్ణే పంపితే దారిలో ఎవడో పిలిచి ఏదో పని చెబుతాడు, నువ్వు తప్పకుండా అంటావు."

మేనేజరు మనుషుల్ని బాగానే అంచనా వేస్తాడు.

స్కూటరు వెళ్లే దారిలోనే తప్పకుండాగారి సందు వస్తుంది. మలుపు దగ్గర కూరల బండి అడ్డమొచ్చి మేనేజరు బ్రేకు వేశాడు. తప్పకుండాగారు తల తిప్పి చూశాడు. సందు నిజంగానే ఖాళీగా ఉంది. ఒక్క పిల్లి తప్ప ఎవరూ లేరు. మెట్ల ముందు స్టాండు వేసిన ఎర్ర సైకిలు, దాని మీద అమ్మడు. హ్యాండిలు రెండు చేతుల్తో పట్టుకుని, ఎదురుగా ఎవరో జెండా ఊపితే బయల్దేరేట్టు కూర్చుని ఉంది. ఇటు చూడట్లేదు. బస్టాపు వైపు చూస్తోంది, నాన్న వచ్చే వైపు.

"సార్, ఇది మా సందు..."

"మాట్లాడకు, గాలి తగుల్తుంది," అన్నాడు మేనేజరు. కూరల బండి తప్పుకుంది. స్కూటరు కదిలింది.

*

డాక్టరు దగ్గర మేనేజరు దింపి వెళ్లిపోతాడనీ, ఆయన మలుపు తిరగ్గానే ఇటు దూకెయ్యొచ్చనీ తప్పకుండాగారు దారంతా లెక్క వేసుకున్నాడు. మేనేజరు స్కూటరుకి స్టాండు వేశాడు. "లోపలికి తీసుకెళ్లి పరిచయం చేస్తాను," అన్నాడు. లోపలికెళ్లాక, "వాడు వచ్చేదాకా కూర్చుంటాను," అన్నాడు. డాక్టరు భోజనానికి పైకెళ్లి ఉన్నాడు. ఆయన ఇల్లు పైనే. బావగారొచ్చారని తెలిసి మరదలు మేనేజరుకి కూడా పైనే పళ్లెం పెట్టింది. తప్పకుండాగారికి పెట్టలేదు, పన్ను నొప్పి కదా.

కింద గదిలో ఒంటరిగా కూర్చున్నాడు. అద్దాల తలుపు అవతలే రోడ్డు. లేచి తలుపు దాకా వెళ్లాడు కూడా. తలుపు మీద గంట కట్టి ఉంది. తీస్తే మోగుతుంది. మోగితే పైనుంచి మేనేజరు "ఏమయ్యా, నొప్పి ఎక్కువైందా?" అంటాడు. ఆ తర్వాత ఏం చెప్పాలో ఎంత ఆలోచించినా తట్టలేదు. మళ్లీ వచ్చి కూర్చున్నాడు. అక్కడి గోడగడియారం పన్ను ఆకారంలో ఉంది. అది నవ్వుతోంది.

పెద్దమ్మగారికి ఫోన్ చేశాడు. గొంతు తగ్గించి, "అమ్మాయికి చెప్పండి, వచ్చేస్తున్నానని," అన్నాడు.

"కంగారేం లేదు బాబూ, నిదానంగా రా. అది సైకిలు దిగితే కదా! అన్నానికి రమ్మంటే నాన్న వచ్చి వెతుక్కుంటాడు అంటుంది. పళ్లెం కిందికే తెచ్చిచ్చాను. సీటు మీదే కూర్చుని తింది." కాస్త ఆగింది. "ఇవాళ ఎలాగూ ఖాళీయేగా. ఆ ఫ్యాను సంగతి కూడా..."

"తప్పకుండా," అన్నాడు.

డాక్టరు కిందికొచ్చేసరికి రెండు దాటింది. వెనకే త్రేనుస్తూ మేనేజరు. తప్పకుండాగారిని కుర్చీలో పడుకోబెట్టి, మొహం మీద లైటు వేసి, "ఏ పన్ను?" అన్నాడు డాక్టరు.

ముప్పై రెండు పళ్లలో ఒకదాని పేరు చెప్పాలి. దేనికీ ఏ పాపం తెలీదు. ముందువి చూపిస్తే రేపు నవ్వినప్పుడు బాగోదు. నమిలేవి చూపిస్తే తిండి పోతుంది. మన ఇళ్లల్లో ఎవరికైనా ఏదైనా ఇవ్వాల్సొస్తే వాడని వస్తువు వెతికి ఇస్తాం కదా, ఆ అలవాటు ప్రకారం అన్నిటికన్నా వెనక మూలనున్నది చూపించాడు.

డాక్టరు దాన్ని ఏదో కడ్డీతో తట్టాడు. "నొప్పా?"

లేదంటే అబద్ధం బయటపడుతుంది. ఇక జన్మలో ఇంకో పూట సెలవు ఉండదు.

"ఆఁ."

"ఇక్కడ?"

"ఆఁ."

"విచిత్రంగా ఉందే. చూడ్డానికి శుభ్రంగానే ఉంది," అన్నాడు డాక్టరు. ఆయన కూడా మంచివాడే. "తొందర పడొద్దు. మందు రాసిస్తాను. వచ్చేవారం ఒకసారి రండి, ఫోటో తీసి చూద్దాం."

తప్పకుండాగారికి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. ఇంకా మూడు కాలేదు. పరిగెత్తితే గంటసేపు ఖాళీ సందు మిగులుతుంది. గంటలో ఎవరైనా సైకిలు నేర్చుకోవచ్చు. నోట్లో అద్దం, దూది ఉండగానే కుర్చీలోంచి సగం లేచాడు కూడా.

"వచ్చేవారం మళ్లీనా?" అన్నాడు మేనేజరు మూలనుంచి. "అంటే ఇంకో పూట సెలవా? సీజన్లో ఎలా కుదురుతుందిరా? వెనక పన్నేగా, ఎలాగూ దాంతో పనేం ఉంది? ఇవాళే తీసెయ్యి, పీడా పోతుంది." తర్వాత ఎంతో ప్రేమగా, "ఏమంటావయ్యా?" అన్నాడు.

అది ప్రశ్నే. బలవంతం ఏమీ లేదు. ఆయన వద్దంటే అక్కడివాళ్లిద్దరూ వినేవాళ్లే. ఆయన నోట్లో చిన్న అద్దం ఉంది, దవడ పక్కన దూది ఉంది, నాలుకకి ఉన్న జాగా కాస్తంతే. ఆ కాస్త జాగాలో అది తనకి బాగా అలవాటైన పని చేసింది.

"హప్పహుండా," అన్నాడు.

మత్తు సూది పొడిచాక కూడా పన్ను ఓ పట్టాన రాలేదు. వాళ్లావిడ అన్న మాట నిజమే, బండరాయిలా ఉంది. డాక్టరు చేతులు మార్చి, కాళ్లు మార్చి, చెమటలు కక్కుతూ, "ఇంత గట్టి పన్నుకి నొప్పి ఎలా వచ్చిందండీ?" అని అడిగాడు. జవాబు చెప్పే స్థితిలో ఎవరూ లేరు. చివరికి పన్ను పళ్లెంలో టక్కున పడింది. తెల్లగా, పొడుగ్గా, ఒక్క మచ్చ లేకుండా ఉంది. ముగ్గురూ వంగి చూశారు.

"చూశావా," అన్నాడు మేనేజరు చివరికి. "ఎంత నొప్పి పెట్టి ఉంటుందో పాపం."

ఆ తర్వాత కూడా దూది కొరికి పట్టుకుని అరగంట కదలకుండా కూర్చోమన్నారు. పన్ను ఆకారం గడియారం ముందు కూర్చున్నాడు.

*

తప్పకుండాగారు సందు మలుపు తిరిగేసరికి బడి బస్సు అప్పుడే వెళ్తోంది. సంచులు అరుగుల మీద పడేసి పిల్లలందరూ బయటే ఉన్నారు. బుడంకాయ చేతులు వదిలేసి సైకిలు తొక్కుతున్నాడు.

అమ్మడు మెట్ల ముందే ఉంది. సైకిలు పెద్ద స్టాండు మీద నిలబెట్టి, పెడళ్లు తొక్కుతోంది. వెనక చక్రం గాల్లో గిరగిరా తిరుగుతోంది. ఎంతసేపటి నుంచి తొక్కుతోందో, జుట్టు నుదుటికి అంటుకుపోయింది. సీటు మీద కవరు మాత్రం చిరగలేదు.

"ఎక్కడిదాకా వెళ్లావే?" అని బుడంకాయ పక్కనుంచి పోతూ వెటకారం చేశాడు.

"నీకెందుకు? చాలా దూరం," అంది అమ్మడు, ముందుకే చూస్తూ.

ఆయన ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. ఏదో చెబుదామని నోరు తెరిచాడు. సగం మొహం మొద్దుబారిపోయి, పెదవి ఒకవైపుకే కదిలింది. దూది ఎర్రగా కనిపించింది.

అమ్మడు తొక్కడం ఆపింది. చక్రం కాసేపు దానంతటదే తిరిగి ఆగింది.

"నిజంగా పీకేశారా?"

తల ఊపాడు.

"నొప్పి లేదుగా నాన్నా నీకు. ఉత్తుత్తి కదా."

తల ఊపాడు.

"మరెందుకు పీకించుకున్నావు?"

జేబులోంచి కాగితం పొట్లం తీసి చూపించాడు. డాక్టరు గుర్తుగా ఇచ్చిన పన్ను. అమ్మడు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ పొట్లం కట్టి ఇచ్చేసింది.

"ఇప్పుడు నొప్పి ఉందా?"

ఊపాడు.

"నిజందా?"

ఊపాడు.

ఆయన స్టాండు వైపు చెయ్యి చూపించి, తీద్దామా అన్నట్టు సైగ చేశాడు. అమ్మడు సందులోకి చూసింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా పిల్లలు. తల అడ్డంగా ఊపింది. కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

"స్టాండు తియ్యకు. ఉత్తినే పట్టుకో," అంది. "వెనకాల. రెండు చేతుల్తో."

తప్పకుండాగారు వెనక్కెళ్లి సీటు కింద రెండు చేతులూ వేసి పట్టుకున్నాడు. అమ్మడు తొక్కడం మొదలెట్టింది. చక్రం ఆయన మోకాళ్ల దగ్గర గాలి కొడుతూ తిరిగింది.

"వదలట్లేదుగా?"

ఆయన సీటుని కాస్త గట్టిగా పట్టుకుని, వదలట్లేదని తెలియజేశాడు.

బుడంకాయ సైకిలాపి, ముక్కు ఎగబీలుస్తూ చూశాడు. "అంకుల్, అది స్టాండు మీదుంది. పడదు. ఎందుకు పట్టుకున్నారు?"

అంకుల్ పట్టు సడలించలేదు.

అప్పుడే మెట్ల మీంచి చెప్పుల చప్పుడు. పెద్దమ్మగారు. చేతిలో పెద్ద సంచి, సంచిలో టేబుల్ ఫ్యాను. "వచ్చావా బాబూ! ఖాళీగానే ఉన్నావుగా, ఒక్కసారి చూసిపెట్టు."

తప్పకుండాగారు ఆవిడ వైపు చూశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయన నోట్లోంచి ఆ మాట రాలేదు. డాక్టరు గంటదాకా నోరు తెరవొద్దన్నాడు, పెదవి తనది కాదు, దూది కొరికి పట్టుకుని ఉన్నాడు. ఆయన ఏమీ అనలేదు. తల కూడా ఊపలేదు. కనురెప్ప కూడా ఆడించలేదు. రెండు చేతుల్తో సీటు పట్టుకుని నిలబడ్డాడు, అంతే.

పెద్దమ్మగారు ఒక్క క్షణం ఎదురుచూసింది.

"నువ్వు కాదనవని నాకు తెలుసులే," అని, ఆయన చేతులు ఖాళీ లేవు కాబట్టి, ఫ్యాను సంచిని మోచేతికి తగిలించి పైకెళ్లిపోయింది.

సంచి బరువుకి కుడిచెయ్యి కొంచెం కిందికి జారింది.

"నాన్నా," అంది అమ్మడు వెనక్కి తిరక్కుండానే. "రెండు చేతులూ."

ఆయన మోచెయ్యి పైకెత్తి సర్దుకుని మళ్లీ పట్టుకున్నాడు. అమ్మడు తొక్కుతూనే ఉంది.